ఆసుపత్రికి వెళ్లి రావడం: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

కిందటి సంచికలో ప్రభుత్వ ఆసుపత్రుల డాబాల మీద సోలార్ పలకల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకే మాట అడిగారు, కరెంటు సంగతి సరే, ఆసుపత్రికి వెళ్లి రావడానికి రోజూ తగలబడే పెట్రోలు, డీజిల్ సంగతేమిటని. విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన అయిదు ఉత్తరాలకి ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటిదానికి జవాబు బాగా పెద్దదైంది, ఏమీ అనుకోకండి, అడిగిన అమ్మాయికి నెల రోజుల్లో పని పడింది.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా దగ్గర పర్యావరణ కమిటీ అని ఒకటి వేసి అందులో నా పేరు రాశారు. రాకపోకల వల్ల వచ్చే కాలుష్యం తగ్గించడానికి నెలలో ప్లాన్ ఇమ్మన్నారు. మీటింగులో అందరూ ఎలక్ట్రిక్ కార్లు కొందాం, చార్జింగ్ పాయింట్లు పెడదాం అంటున్నారు. ఇంగ్లండులో ఇలాగే చేస్తున్నారని ఒక డాక్టరుగారు చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక సోదరి, గాజువాక)

జవాబు: కార్ల దగ్గర మాత్రం మొదలుపెట్టకు చెల్లెమ్మా. ఓపీ చీటీ రాసే కౌంటర్ దగ్గర మొదలుపెట్టు.

ముందు ఆ ఇంగ్లండు మాట చూద్దాం, ఎందుకంటే మీటింగులో మళ్లీ ఎవరో ఒకరు ఎత్తుతారు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ 2023 అక్టోబరులో రవాణా కోసం ప్రత్యేకంగా ఒక ప్రణాళిక విడుదల చేసింది. వాళ్ల లెక్క ప్రకారం ఇంగ్లండు రోడ్ల మీద జరిగే మొత్తం ప్రయాణంలో దాదాపు 3.5 శాతం వైద్యం కోసమే, అంటే రోగులు, చూడ్డానికి వచ్చేవాళ్లు, సిబ్బంది, సరుకు తెచ్చేవాళ్లు అందరూ కలిసి ఏడాదికి 950 కోట్ల మైళ్లు, మన లెక్కలో 1,500 కోట్ల కిలోమీటర్లకి పైమాటే. ఆ వ్యవస్థ నుంచి వచ్చే కర్బన ఉద్గారాల్లో 14 శాతం దాకా ఈ తిరుగుడు వల్లే. అందుకని 2027 డిసెంబరు నుంచి కొత్తగా తీసుకునే వాహనాలన్నీ, అంబులెన్సులు మినహా, పొగ లేనివే ఉండాలని పెట్టుకున్నారు, సిబ్బంది రాకపోకల పొగని 2033 నాటికి సగం చేయాలనుకున్నారు. మంచి పనే. కానీ అక్కడ రోగి సొంత కారులో వస్తాడు, అతన్ని కారు దింపి బస్సు ఎక్కించడం వాళ్ల సమస్య. మన దగ్గర రోగి ముందు నుంచీ బస్సులోనే వస్తున్నాడు, షేర్ ఆటోలో ఒళ్లో సంచి పెట్టుకుని వస్తున్నాడు. అతని వల్ల పొగ తక్కువ, అతనికి కష్టం ఎక్కువ. ఆ కష్టం భరించలేక రేపు అప్పు చేసైనా బండి కొంటాడు, లేకపోతే ఊరంతటికీ ఒక కారు మాట్లాడుకుంటాడు. కాబట్టి మీ ప్లాన్‌లో మొదటి పని బస్సు రోగిని బస్సులోనే ఉంచడం, అవసరం లేని రాకని అసలు తప్పించడం. వాళ్ల ప్లాన్ కాగితాలు తీసుకుని పేరు మార్చి ఇస్తే మీ ఆసుపత్రికి పనికిరాదు.

ఇప్పుడు కౌంటర్ సంగతి. ఒక్క వారం రోజులు, సోమవారం నుంచి శనివారం దాకా, ఓపీ చీటీ రాసేటప్పుడు మూడు మాటలు అడిగించు: ఏ ఊరి నుంచి, ఎలా వచ్చారు, దేనికి వచ్చారు. ఆభా (కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉంటే అడ్రసు అందులోనే వచ్చేస్తుంది, మిగతా రెండూ నర్సింగ్ విద్యార్థులు వరుసలో నిలబడిన వాళ్లని అడిగి గీతలు గీసుకుంటే చాలు. మూడో మాట మరిచిపోవద్దు. కొత్త జబ్బుకి వచ్చారా, బిళ్లలు అయిపోయి వచ్చారా, రిపోర్టు తీసుకోవడానికి వచ్చారా, డాక్టరు చూసి మళ్లీ రమ్మన్నారా. ఈ చివరి మూడూ ఎంతమందో తేలితే ప్లాన్‌లో సగం దానంతటదే రాసుకుపోతుంది.

ఊరికే అర్థం కావడానికి ఒక లెక్క వేస్తాను, ఇది నేను అనుకున్న అంకెలతో వేసింది, మీ అంకెలు వేరే ఉంటాయి. రోజుకి 1,500 మంది ఓపీ, ఒక్కొక్కరికి ఒక తోడు, మొత్తం 3,000 మంది. సగటున రానూపోనూ 40 కిలోమీటర్లు అనుకుంటే రోజుకి 1,20,000 కిలోమీటర్ల మనుషుల ప్రయాణం. సిబ్బందిలో 250 మంది స్కూటర్ల మీద రానూపోనూ 24 కిలోమీటర్లు తిరిగితే 6,000 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే బండి అనుకుంటే 133 లీటర్లు, లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి రోజుకి 300 కిలోలు. ఇక ఆసుపత్రికి సొంతంగా ఉన్న నాలుగు బండ్లూ కలిపి మహా అయితే 300 కిలోమీటర్లు తిరుగుతాయి. మీటింగులో అందరూ మాట్లాడుతున్నది ఆ చివరి 300 కిలోమీటర్ల గురించి. బోర్డు మీద ఈ మూడు కిలోమీటర్ల అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి చూపించు.

అవసరం లేని రాక అంటే ఏమిటో నా ఇంటి సంగతే చెబుతాను. మా అత్తగారికి కంట్లో శుక్లం ఆపరేషన్ కోసం కొత్తవలస నుంచి సిటీలో ఒక ఆసుపత్రికి నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి చూసి పరీక్షలు రాశారు, ఆ టైముకి రక్తం తీసుకునే కిటికీ మూసేశారు. రెండోసారి రక్తం ఇచ్చాం. మూడోసారి రిపోర్టు తెచ్చుకున్నాం, అది చూడాల్సిన డాక్టరుగారి ఓపీ ఆ రోజు లేదు. నాలుగోసారి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ప్రతిసారీ ఆవిడ, నేను, తెల్లవారకముందే లేచి వండుకుని బయల్దేరడం. ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు, అందరూ వాళ్ల పని వాళ్లు చేశారు, కానీ ఎవరి కిటికీ టైము వాళ్లది. రక్తం తీసుకునే టైము ఓపీ అయిపోయాక ఇంకో గంట ఉండి ఉంటే, రిపోర్టు ఫోనుకి పంపి ఉంటే, రెండుసార్లతో అయిపోయేది. ఏ ఎలక్ట్రిక్ బండీ అంత పొగ తగ్గించలేదు, పైగా దీనికి పైసా ఖర్చు లేదు, సూపరింటెండెంటుగారి సంతకం చాలు.

దూరం తగ్గించే పని ఇంకోటి ఉంది, అది మీ ఒక్క ఆసుపత్రి చేతిలో లేనిది, అయినా ప్లాన్‌లో రాయి. డయాలసిస్ రోగి సంగతి చూడు. వారానికి మూడుసార్లు అంటే ఏడాదికి 156 సార్లు. నర్సీపట్నం మనిషి విశాఖ రావాలంటే ఒకవైపే దాదాపు 80 కిలోమీటర్లు, అంటే ఏడాదికి 25,000 కిలోమీటర్లు ఒక్క మనిషే, తోడు వచ్చేవాళ్లని వదిలేసి. జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్ పెట్టడానికి 2016లో కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మీ దగ్గర చేయించుకునేవాళ్లలో ఎవరికి ఇంటి దగ్గరి కేంద్రంలో బెడ్ దొరుకుతుందో మూడు నెలలకోసారి ఫోన్ చేసి కనుక్కునే పని ఒకరికి అప్పజెప్పండి. చాలామంది ఒకసారి మొదలుపెట్టిన చోటే ఉండిపోతారు, దగ్గర్లో ఖాళీ వచ్చిన సంగతి వాళ్లకి ఎవరూ చెప్పరు.

బస్సు గురించి. ఆర్టీసీ వాళ్లకి "మా ఆసుపత్రికి బస్సులు పెంచండి" అని రాస్తే అది ఫైల్లో పడి ఉంటుంది. వారం లెక్క చేతికి వచ్చాక, పెందుర్తి వైపు నుంచి పొద్దున 7 నుంచి 9 మధ్య ఇంతమంది, మధురవాడ వైపు నుంచి ఇంతమంది, తిరుగు ప్రయాణం ఒంటిగంట నుంచి మూడు మధ్య అని రాసి డిపో మేనేజరు చేతికి ఇవ్వండి. అంకెలుంటే వాళ్లకీ పైవాళ్లని అడగడానికి వీలు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో కూడా ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి రోగులైన ఆడవాళ్లూ, మీ నర్సులూ, ఆయాలూ బస్సు ఎక్కడానికి డబ్బు అడ్డం కాదిప్పుడు. అడ్డమల్లా రద్దీ, టైము, దిగాక నడక.

ఆ నడక గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మన ఊరు కొండల మీద కట్టిన ఊరు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ అని ఒక పేటకి పేరే వచ్చిందంటే ఆ వాలు ఎంతో ఆలోచించు, కాలికి కట్టుతో ఆ ఎత్తు ఎక్కడం మాటలు కాదు. విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న హనుమంతవాక దగ్గర హైవే ఉంది, ఏ వైపు నుంచి వచ్చినా వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో ఒకసారి రోడ్డు దాటాల్సిందే. స్టాపు దగ్గర దిగిన మనిషి గేటు దాకా ఆటోకి ఇచ్చే డబ్బు, ఒక్కోసారి మగవాళ్లు బస్సుకి ఇచ్చిన దానికంటే ఎక్కువ. మీరు ఎలక్ట్రిక్ బండి కొనే పనైతే, ఆఫీసర్ల కారు కాకుండా, స్టాపు నుంచి ఓపీ దాకా తిరిగే రెండు బ్యాటరీ ఆటోలు కొనండి. రోజంతా తిరిగేది చిన్న దూరమే, రాత్రి చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగు ఎజెండాలో ఈ ఒక్క అంశం పెట్టించు.

ఇంకోటి, మర్చిపోయేలోపు చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు రోడ్లన్నీ చెట్లతో నిండిపోయాయి కదా, ఆ తర్వాత పెట్రోలు బంకుల దగ్గర ఎంత క్యూలో నిలబడ్డామో అందరికీ గుర్తే. సిబ్బందిలో ఎవరెవరు నడిచి రాగల దూరంలో ఉన్నారో ఒక జాబితా తీసిపెట్టు. తుపాను రోజుల్లో అది ప్రాణాలకి సంబంధించిన కాగితం, మామూలు రోజుల్లో స్కూటర్ మానేసి నడవమని ముందు ఎవరిని అడగాలో అదే చెబుతుంది.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు, రిటైరైన టీచర్ని. బీపీ, షుగర్ బిళ్లల కోసం నెలనెలా ఒక పెద్ద ఆసుపత్రికి వస్తాను, రోజంతా పోతుంది. ఇప్పుడు పర్యావరణం పేరు చెప్పి మాలాంటి వాళ్లని ఆసుపత్రికి రావద్దంటారేమోనని భయంగా ఉంది. ఫోనులో డాక్టరు అంటే నాకు నమ్మకం లేదు. (పెందుర్తి)

జవాబు: మాస్టారూ, మీ భయం న్యాయమైనదే. పొగ తగ్గించడమనే మాటని అడ్డం పెట్టుకుని రోగిని గడప దాటనీయకపోతే అది దుర్మార్గం, అలాంటి ప్లాన్‌ని నేను ఒప్పుకోను. డాక్టరు చెయ్యి పట్టుకుని చూడాల్సిన రోజున మీరు రావాల్సిందే, మిమ్మల్ని తీసుకొచ్చే బాధ్యత ప్రభుత్వానిది.

నేననేది బిళ్లల కోసమే వచ్చే రోజు గురించి. 2020లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి మూడు నెలల దాకా మందులు ఒకేసారి ఇవ్వొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అప్పుడు వీలైంది ఇప్పుడెందుకు కాదు? మీ బీపీ, షుగర్ నిలకడగా ఉంటే రెండు నెలలకి రాయమని మీ డాక్టరుగారిని అడగండి, స్టాక్ లేదంటే అది మందులు తెప్పించుకునే వాళ్ల లెక్కలో సరిచేయాల్సిన సంగతి. అలా చేస్తే ఏడాదికి మీరు 12 సార్లు కాకుండా 6 సార్లే వస్తారు. మధ్యలో బీపీ చూపించుకోవడానికి దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు.

ఇక ఫోను డాక్టరు మీద మీకు నమ్మకం లేదన్నారు. ఇ-సంజీవని, అంటే ప్రభుత్వం పెట్టిన ఫోను డాక్టరు పద్ధతి, మీరు ఒక్కరే ఇంట్లో కూర్చుని ఫోనుతో తంటాలు పడేది మాత్రమే కాదు. ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడి సిబ్బంది మీ బీపీ చూసి, షుగర్ చూసి, మీ పక్కనే ఉండి పెద్ద డాక్టరుతో తెర మీద మాట్లాడిస్తారు. ఒక్కసారి రిపోర్టు చూపించడానికి వాడి చూడండి. నచ్చకపోతే మానేయండి, మీ చీటీ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నేను సాయంత్రం డ్యూటీ దిగేసరికి రాత్రి 8 దాటుతుంది. అందుకే స్కూటీ కొన్నాను. ఇప్పుడు మా హెచ్‌ఓడీ గారు కార్పూలింగ్ చేయండి, బస్సుల్లో రండి అంటున్నారు. రాత్రిపూట స్టాపులో నిలబడేది ఆయన కాదు కదా. (ఒక ల్యాబ్ టెక్నీషియన్, కంచరపాలెం)

జవాబు: స్కూటీ మానకమ్మా, రాత్రి డ్యూటీ ఉన్న రోజు అసలు మానకు. ఆడపిల్ల క్షేమం తర్వాతే పొగ.

ఇది నిన్ను అడగాల్సిన విషయమే కాదు. 8 గంటలకి డ్యూటీ మారుతుందని ఆసుపత్రికి తెలుసు, ఆర్టీసీకి తెలియదు. 8.15కి గేటు ముందు నుంచి రెండు వైపులా ఒక్కో బస్సు, అంతే కావాల్సింది. మీ డ్యూటీ దిగేవాళ్లందరూ ఒక కాగితం మీద పేరు, దిగే స్టాపు రాసి సంతకాలు పెట్టి సూపరింటెండెంటుగారి ద్వారా పంపండి. గేటు నుంచి స్టాపు దాకా లైట్లు, స్టాపు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి, ఇవి జీవీఎంసీ (నగర పాలక సంస్థ), ఆసుపత్రి కలిసి పెట్టాలి. అవి పెట్టాక ఆయన అడిగితే అర్థముంది. పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో మాత్రం, కంచరపాలెం నుంచి బస్సులకేం తక్కువ లేదు, ఆ రోజుల్లో ప్రయత్నించి చూడు, నెలలో పది రోజులైనా సరే.

ప్రశ్న: ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే చుట్టాలంతా కార్లలో, బండ్ల మీద వచ్చేస్తారు. రావద్దంటే బాధపడతారు. ఏం చేయాలి? (అనకాపల్లి)

జవాబు: రావద్దనకండి, వంతులేయండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ రోజు క్యారియర్ తెస్తారో, ఎవరు రాత్రి పడుకుంటారో రాసి పెడితే అందరికీ పని దొరికినట్టూ ఉంటుంది, ఒకే రోజు పది బండ్లు రాకుండానూ ఉంటుంది. తోడు ఉండే మనిషి రోజూ అనకాపల్లి వెళ్లి రావడం దేనికి, స్నానానికి, కాస్త నడుం వాల్చడానికే కదా. ఆసుపత్రి ఆవరణలో తోడు వచ్చినవాళ్లకి శుభ్రమైన బాత్రూములు, పడుకోవడానికి ఒక హాలు ఉంటే ఆ తిరుగుడే ఉండదు. మొదటి ఉత్తరం రాసిన గాజువాక చెల్లెమ్మా, ఇది కూడా నీ ప్లాన్‌లో రాసుకో.

ప్రశ్న: 108 అంబులెన్సులు కూడా ఎలక్ట్రిక్ చేస్తారంటున్నారు. మా ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద అవి నడుస్తాయా? ముందు మాకు రోడ్డే లేదు, ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నాం. (పాడేరు దగ్గర ఒక గ్రామం)

జవాబు: మీ ప్రశ్నలో రెండో ముక్కకే ముందు జవాబు చెప్పాలి. డోలీలో గర్భిణిని మోసుకొస్తున్న ఊరికి వెళ్లి పొగ గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అక్కడ ముందు రోడ్డు, అది వచ్చేలోపు 2018లో ఏజెన్సీకి తెచ్చిన ఫీడర్ అంబులెన్సుల్లాంటి బైకులు, ఇరుకు దారిలో దూరి 108 ఆగిన చోటికి మనిషిని చేర్చేవి. వాటికి పెట్రోలు పోస్తే పోశాం. ప్రాణం తీసుకొచ్చే బండిని ఏ లెక్కలోనూ తగ్గించకూడదు.

ఎలక్ట్రిక్ అంబులెన్సుల కోసం కేంద్రం 2024లో మొదలైన పీఎం ఇ-డ్రైవ్ పథకంలో 500 కోట్లు పక్కన పెట్టింది. అవి వస్తే సిటీలో ముందు వాడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. బాలింతని ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చే బండ్లు, రక్తం శాంపిళ్లు తిప్పే బండ్లు. ఇవన్నీ ముందే టైము తెలిసిన ప్రయాణాలు, మధ్యలో చార్జింగ్ పెట్టుకునే వ్యవధి ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా దిగిపోతుంది, దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కొంత తిరిగొస్తుంది గానీ పైన చార్జింగ్ నమ్మకంగా దొరికేదాకా మీ వైపు 108కి డీజిలే ఉండనివ్వాలని నా అభిప్రాయం.

మీ వైపు నిజంగా కిలోమీటర్లు తగ్గించేది ఇంకోటి. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటిన దూరం. పాడేరులో ఇప్పుడు వైద్య కళాశాల వచ్చింది, అక్కడ మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తనిధి ఇరవై నాలుగు గంటలూ ఉంటే కిందికి రిఫర్ చేసేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. ఇక సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం అని పెట్టారు, నెలలు నిండుతున్నవాళ్లు ముందే వచ్చి అక్కడ ఉంటారు, నొప్పులొచ్చాక అర్ధరాత్రి పరుగులు ఉండవు. మీ మండలంలో అలాంటిది ఎంత దూరంలో ఉందో ఆశా కార్యకర్తని అడగండి. లేకపోతే ఊళ్లో ఈ ఏడాది కాన్పు ఉన్నవాళ్ల పేర్లు, తేదీలు, రోడ్డుకి ఎన్ని కిలోమీటర్లో రాసి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవో గారికి అర్జీ ఇవ్వండి. దాని నకలు ఒకటి నాకూ పంపండి.